మావారు ఇంజన్ ఆయిల్ మార్చిన రెండో శనివారం

మావారు ఫిజిక్స్ లెక్చరర్. రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఏటా ఇంటర్ పిల్లలకి ద్రవాల స్నిగ్ధత పాఠం చెప్పేవారు. తేనె ఎందుకు నెమ్మదిగా జారుతుందో, వేడెక్కితే నూనె ఎందుకు పల్చబడుతుందో ఆయన వివరిస్తుంటే వెనక బెంచీల వాళ్లు కూడా నోట్సు రాసుకునేవారట. 'అట' అని ఎందుకంటున్నానంటే ఆ సంగతి నాకు చెప్పింది ఆయనే. ఇంట్లో మాత్రం నూనె డబ్బా సీలు కోయమంటే సగం నూనె గట్టు మీదే ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక చిన్న తెల్ల కారు సెకండ్ హ్యాండులో కొన్నాం. కొన్న మూడో నెలలో ఆయిల్ మార్పించడానికి ఆయన షెడ్డుకి తీసుకెళ్లారు. మెకానిక్ బానెట్ ఎత్తగానే ఈయన కూడా తల లోపలికి పెట్టి, "ఏ గ్రేడు వేస్తున్నావయ్యా? వేడెక్కినప్పుడు దాని స్నిగ్ధత ఎంత?" అని అడిగారు. అతను చేతిలో పని ఆపకుండానే, "మీరలా బెంచీ మీద కూర్చోండి సార్. పేపరుంది, చదువుకోండి" అన్నాడట.

ఆ 'పేపర్ చదువుకోండి' ఆయన్ని వారం రోజులు నిద్రపోనివ్వలేదు. అన్నం తింటూ తింటూ ఆగి, "నన్ను పేపర్ చదువుకోమంటాడా?" అనేవారు. ఎనిమిదో రోజున నిర్ణయం ప్రకటించారు. ఇకనుంచి మన కారు ఆయిల్ మనమే మార్చుకుంటాం. ఆ 'మనం'లో నేను లేనని చెప్పక్కర్లేదు.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మాది మండపేట దగ్గర పల్లెటూరు. మా నాన్నకి ట్రాక్టర్ ఉండేది. దుక్కుల ముందు ఏటా పశువుల పాక పక్కన దాన్ని ఆపి, కిందకి దూరి, ఆయిల్ దింపేవాడు. నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. చిన్నప్పటి నుంచి పెళ్లయ్యేదాకా ఏటా చూశాను. ఒక్కసారి ఉండబట్టలేక స్పానర్ పట్టుకున్నాను. "నీకెందుకమ్మా ఇవన్నీ, చేతులు మాసిపోతాయి" అని నాన్న దాన్ని మెల్లిగా లాక్కున్నాడు. ఆయనది ప్రేమే, కాదనను. నా చదువు మాత్రం అరుగు దాటలేదు.

మావారు పని పద్ధతిగా మొదలుపెట్టారు. కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఆయిల్ మార్పు గురించి రాసిన రెండు పేజీలూ జిరాక్స్ తీయించి, ఎర్ర పెన్నుతో గీతలు గీశారు. బజారుకెళ్లి ఆయిల్ డబ్బా, కొత్త ఫిల్టరు, స్పానర్ల సెట్టు తెచ్చారు. శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర నాకు ఇంజన్లో ఆయిల్ చేసే పని గురించి ముప్పావు గంట పాఠం చెప్పారు. ఆదివారం మా పిన్ని కూతురి సీమంతానికి మండపేట వెళ్లాలి. కొత్త ఆయిల్‌తో వెళ్దాం, బండి వెన్నలా పోతుంది చూడు, అన్నారు.

శనివారం పొద్దున్నే టిఫిన్ కూడా చెయ్యకుండా దిగారు. మేముండేది పై వాటాలో. కింద వాటాలో ఇంటావిడ, వాళ్లాయన. ఆవిడకి తన వాకిలంటే ప్రాణం. నాపరాళ్లు పరిచిన ఆ వాకిట్లో చెప్పులతో నడిస్తేనే ఆవిడ ముఖం మారిపోయేది. అలాంటి వాకిట్లో ఈయన రెండు సిమెంటు దిమ్మలు పెట్టి, ముందు చక్రాలు వాటి మీదకి ఎక్కించారు. ఆవిడ మెట్ల మీద నిలబడి, "మేస్టారూ, మరక పడదు కదండీ?" అని అడిగింది.

"ఒక్క చుక్క పడదండీ. పద్ధతి ప్రకారం చేస్తున్నాను."

పద్ధతిలో భాగంగా ఆయన మా వంటింట్లోంచి, నాతో ఒక మాటైనా చెప్పకుండా, నేను ఏడాదికొకసారి ఆవకాయ కలుపుకునే పెద్ద బేసిన్ తీసుకెళ్లి కారు కింద పెట్టారు. నేను కిందకి దిగి వచ్చేసరికి ఆయన రెండు కాళ్లూ మాత్రమే బయట కనిపిస్తున్నాయి.

"అది నా ఆవకాయ బేసినండీ!"

"కడిగి ఇస్తాలే" అంది కారు కింద నుంచి గొంతు.

అప్పటికే స్పానర్ బిగుసుకున్న చప్పుడు, మూలుగు, మళ్లీ చప్పుడు. పుస్తకంలో బొమ్మ ఉందట, ఇంజన్ అడుగున ఒక నట్టు. కింద చూస్తే నట్లు చాలానే ఉన్నాయట. ఏది సులువుగా కనిపించిందో దాని మీద ఆయన బలమంతా పెట్టారు. కాసేపటికి అది వదిలింది. ఆయిల్ బేసిన్లో పడుతున్న శబ్దం వినిపించింది. ఆయన కాళ్లు రెండూ సంతోషంతో కదిలాయి.

బయటికొచ్చి బేసిన్ లాగారు. నేను వంగి చూశాను. మా నాన్న ట్రాక్టర్లోంచి దింపే ఆయిల్ కాటుకలా ఉండేది. చేతికంటితే సబ్బుకి కూడా లొంగేది కాదు. ఇదేమో బెల్లం పాకంలా ఎర్రగా, చిక్కగా, మెరుస్తూ ఉంది. పైగా ఒక వాసన. ఎవరో కుళ్లిన గుడ్డుని వెల్లుల్లితో కలిపి మాడ్చినట్టు.

"ఏమండీ, వాడిన ఆయిల్ నల్లగా ఉండాలి కదా?"

"అది ట్రాక్టర్. డీజిల్ ఇంజన్. ఇది పెట్రోల్."

"అయినా ఇంత శుభ్రంగా..."

"మనం బండి బాగా చూసుకుంటున్నామని అర్థం."

"వాసన కూడా వేరేగా ఉందండీ."

ఆయన నుదుటి మీద చెమట మోచేత్తో తుడుచుకుని, "నీకేం తెలుసని ప్రతిదానికీ అడ్డు తగులుతావు?" అన్నారు. పక్కన మెట్ల మీద ఇంటావిడ వింటోంది. నేను నోరు మూసుకున్నాను.

ఇక్కడ నిజం చెప్పాలి. నాకు అనుమానం గట్టిగానే ఉంది. ఇంకోసారి చెబితే ఆయన తిడతారన్న భయం కాదు నన్ను ఆపింది. తప్పయితే తెలుస్తుందిలే, తెలియనీ, అనుకున్నాను. ఆ క్షణంలో నాకు కారు మీద కన్నా ఆయన ఓటమి మీద ఎక్కువ ఆసక్తి ఉంది.

ఫిల్టర్ తియ్యడానికి ఒక అరగంట ప్రయత్నించారు. అది కదల్లేదు. గుడ్డ చుట్టి తిప్పారు, గరుకు కాగితం చుట్టి తిప్పారు, చివరికి దాన్ని తిట్టారు. ఆ తర్వాత, "ఫిల్టర్ ఇంకా గట్టిగానే ఉంది, వచ్చేసారి మారుద్దాం" అని కొత్తదాన్ని అట్టపెట్టెలో పెట్టేశారు. కింద నట్టు బిగించి, పైన మూత తీసి, డబ్బా మొత్తం పోశారు. పుస్తకంలో ఎంత రాసి ఉందో అంతా.

తర్వాత మట్టం చూసే పుల్ల బయటికి లాగారు. ఆ పుల్లకి కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. ఆయిల్ ఆ రెంటి మధ్య ఉండాలి. మా పుల్లకి ఆయిల్ పై గీత దాటి వేలెడు ఎత్తు ఎక్కేసింది. తుడిచి మళ్లీ పెట్టి తీశారు. మళ్లీ అంతే.

"పుస్తకం ప్రకారం పోశాను. కాబట్టి పుల్ల తప్పు చూపిస్తోంది" అన్నారు. పరికరాల్లో దోషం అనేది కూడా వాళ్ల సిలబస్‌లో ఉందట.

ఇంజన్ స్టార్ట్ చేయగానే వెనక గొట్టంలోంచి నీలంగా పొగ వచ్చింది. ఇంటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "కొత్త ఆయిల్ కదండీ, మొదట్లో అలాగే ఉంటుంది" అని ఆవిడకి ధైర్యం చెప్పారు. ఆవిడ బేసిన్లో ఆయిల్ వైపు చూస్తూ, "అది పారబొయ్యకండి, మా ద్వారబంధానికి చెదలు పడుతున్నాయి, పూసుకుంటాం" అంది. ఆవకాయ బేసిన్‌తో సహా తీసుకెళ్లిపోయింది.

ఆదివారం ఉదయం బయల్దేరాం. నేను పట్టుచీర, ఆయన గంజిపెట్టిన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. కడియం దాటేదాకా బాగానే ఉంది. రోడ్డు పక్క కాలువ నిండుగా పారుతోంది, నర్సరీల ముందు బంతి మొక్కల తట్టలు లారీలకి ఎక్కిస్తున్నారు. "చూశావా, ఎంత మెత్తగా పోతోందో" అని ఆయన రెండుసార్లు అన్నారు. నేను రెండుసార్లూ కిటికీలోంచి బయటికి చూశాను.

ద్వారపూడి వచ్చేసరికి కింద నుంచి ఈల లాంటి చప్పుడు మొదలైంది. స్పీడు పెంచితే ఈల పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. "కిటికీ సందులోంచి గాలి" అన్నారు. అద్దం ఎక్కించాను. ఈల ఆగలేదు. వెనక అద్దంలో చూస్తే రోడ్డు లేదు, నీలి పొగ ఉంది. మా వెనకే వస్తున్న ధాన్యం లారీ హారన్ మోగించి మోగించి, పక్కకొచ్చింది. డ్రైవర్ తల బయటికి పెట్టి అరిచాడు.

"ఏంటి సార్, దోమల మందు కొడతన్నారా? మీ ఎనకాల ఏం కనపడట్లేదండి బాబూ!"

ఆయన గేరు మార్చబోయారు. మారలేదు. ఇంకోసారి గట్టిగా లాగారు. లోపల ఏదో గరగరమని, బండి ఒక్క ఊపు ఊగి, కాలవ గట్టు పక్కన ఆగిపోయింది. గేరు రెండో నంబర్లోనే ఇరుక్కుంది.

లారీ డ్రైవర్ మంచివాడు. తన బండి ముందు ఆపుకుని దిగి వచ్చి, కనుచూపు మేరలో ఉన్న ట్రాక్టర్ల షెడ్డు చూపించి, అక్కడిదాకా తోసేద్దామన్నాడు. ఇద్దరూ తొయ్యాలి కాబట్టి స్టీరింగ్ దగ్గర నేను కూర్చోవాల్సి వచ్చింది. మా కారులో డ్రైవర్ సీట్లో కూర్చోవడం నాకదే మొదటిసారి.

"క్లచ్ తొక్కి పట్టుకో! ఎడం పక్కది! మధ్యది కాదు, ఎడం పక్కది!" అని వెనక నుంచి ఆయన అరుస్తున్నారు.

తొక్కాను. బండి కదిలింది. పట్టుచీర కుచ్చిళ్లు మోకాళ్ల మీదకి సర్దుకుని, రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని, ఆ కాలవ గట్టు మీద మెల్లగా పోతుంటే, చెప్పకూడదు గానీ, నాకు చాలా హాయిగా అనిపించింది.

షెడ్డులో మేస్త్రీ అరవయ్యేళ్ల మనిషి. మెడలో తువ్వాలు, కళ్లద్దాలకి ఒక పక్క దారం. బానెట్ ఎత్తి పుల్ల లాగి చూశాడు. వంగి కింద చూశాడు. తర్వాత మావారి వైపు తిరిగాడు.

"ఈమధ్యేమైనా ఆయిల్ మార్చేరాండి?"

"నిన్ననే."

"ఎవరు మార్చేరండి?"

మావారు ఒక్క క్షణం నా వైపు చూశారు. తర్వాత కాలవ వైపు చూశారు.

"రాజమండ్రిలో ఒకతను" అన్నారు.

నా పెళ్లయ్యాక అంత ఆనందం నేనెరగను.

మేస్త్రీ తల పట్టుకున్నాడు. "వాడెవడో గానీ సార్, మనిషన్నవాడు చేసే పని కాదండి ఇది. ఇంజన్ ఆయిల్ దింపమంటే గేరు బాక్సు ఆయిల్ దింపేసేడు. గేర్లకి చుక్క లేదు. పాత ఆయిల్ ఉండగానే ఇంజన్లో కొత్తది నిండా కొట్టేసేడు. ఇటు ఎండగట్టేడు, అటు ముంచేసేడు. వాడికి కళ్లున్నాయాండి?"

"ఏమో మరి" అన్నారు మావారు.

"ఫిల్టరు కూడా మార్చలేదండి. అంత బద్దకం ఏంటండి వాడికి?"

"అవును. ఈ రోజుల్లో పని మీద శ్రద్ధ ఎవరికుంది?" అని మావారు బాధపడ్డారు.

"వాడి షెడ్డు ఎక్కడండి?"

"దానవాయిపేట."

దానవాయిపేటలో మా ఇల్లుంది. అబద్ధంలో కూడా ఆయన నిజాయితీ వదులుకోలేదు. మేస్త్రీ నా వైపు తిరిగి, "మీరు చూసేరాండమ్మా వాణ్ణి?" అన్నాడు.

"చూశానండి. చదువుకున్నతనే" అన్నాను.

"చదువుకుని ఇదేం పోయేకాలమండి!"

మేస్త్రీ పని మొదలుపెట్టాడు. మావారు పక్కనే నిలబడ్డారు గానీ ఈసారి స్నిగ్ధత గురించి అడగలేదు. కాసేపయ్యాక మేస్త్రీ తల ఎత్తకుండానే, చాలా మామూలుగా అన్నాడు.

"సార్, కిరసనాయిలు డబ్బా అక్కడుంది. గోళ్లల్లో ఆయిల్ పోవాలంటే దానితో రుద్దుకోవాలండి. సబ్బుతో పోదు."

మావారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. నేను నవ్వుదామనే అనుకున్నాను. కానీ ఆయన ముఖం చూస్తే నవ్వు రాలేదు. క్లాసులో లెక్క చెయ్యలేక నిలబడ్డ కుర్రాడి ముఖంలా ఉంది.

"నేనే చేశానండి. బొమ్మ చూసి" అన్నారు చివరికి.

"తెలుసండి. మొదట నేనూ అలాగే చేసేనండి, మా గురువుగారి ట్రాక్టరికి. ఆయన స్పానర్ పెట్టి కొట్టేరు. మీరు పెద్దోరు, మిమ్మల్ని కొట్టలేను కదండి" అని మేస్త్రీ నవ్వాడు. "రండి, కిందకి దిగి చూడండి. ఈసారి తప్పు రాదు."

షెడ్డు మధ్యలో బళ్ల కింద నిలబడి పని చేసుకునే గొయ్యి ఒకటి ఉంది. కారు దాని మీద పెట్టారు. మావారు దిగారు. నేను పైన గట్టు మీద నిలబడ్డాను. మేస్త్రీ చూపించి చెబుతున్నాడు, ఇది ఇంజన్ అడుగు, ఇది గేరు బాక్సు, దీని నట్టు ఇది, దాని నట్టు అది. నేను ఉండబట్టలేక పైనుంచే అడిగాను.

"మేస్త్రీ గారూ, ఇంజన్ది నల్లగా ఉంటుంది, గేర్లది కంపు కొడుతుంది, అంతేనా అండీ?"

మేస్త్రీ తల ఎత్తి చూశాడు. "మీకెలా తెల్సండి?"

"మా నాన్నకి ట్రాక్టర్ ఉందండి. నిన్న వాసన చూడగానే అనుమానం వచ్చింది."

"మరి చెప్పలేదేటండి?"

చెప్పానని అనొచ్చు. ఒకసారి చెప్పిన మాట నిజమే. కానీ రెండోసారి ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఇంతలో మావారే, "చెప్పిందండి. నేను వినలేదు" అన్నారు. ఆ మాట ఆయన ఇంకొకరి ముందు అనడం నేను వినడం అదే మొదలు. నాకు సిగ్గేసింది.

"అయితే మీరు కూడా దిగండమ్మా" అన్నాడు మేస్త్రీ.

పట్టుచీర కుచ్చిళ్లు నడుంలో దోపుకుని దిగాను. మేస్త్రీ స్పానర్ నా చేతికిచ్చి, ఇంజన్ కింద నట్టు చూపించాడు. ఎడం వైపుకి తిప్పమన్నాడు. మొదట కదల్లేదు. రెండు కాళ్లూ ఆనించి ఇంకోసారి లాగాను. వదిలింది. చివరి చుట్లు వేళ్లతో తిప్పుతుంటే, వెచ్చగా, నల్లగా ఆయిల్ నా చెయ్యి మీదుగా మోచేతి దాకా కారి, చీర అంచు మీద పడింది. ముప్పయ్యేళ్ల వయసులో నా చేతులు మొదటిసారి మాసిపోయాయి. అంత భయపడాల్సిందేమీ లేదని తేలింది.

కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు, గేర్లకి వేరే ఆయిల్, అన్నీ అయ్యాక మేస్త్రీ బండి స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నాడు. పొగ తగ్గింది గానీ గేరు బాక్సులో ఈల పోలేదు. బేరింగు అరిగిపోయిందని, విప్పి కొత్తది వెయ్యాలని, రెండ్రోజులు వదిలి వెళ్లమన్నాడు. వదిలి, ఆటో ఎక్కాం.

సీమంతం అయిపోయి, విస్తళ్లు ఎత్తుతుండగా చేరాం. మా అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి, చీర అంచు పట్టుకుని చూసి, "ఏంటే ఇది? పట్టుచీరకి ఈ తారేంటి?" అంది. మా నాన్న వెనక నుంచి వచ్చాడు. మరక దగ్గరగా చూశాడు. వేలితో తాకి, వాసన చూశాడు.

"ఇంజన్ ఆయిల్" అన్నాడు. "ఎవరు దింపేరు?"

"నేనే" అన్నాను.

ఏమంటాడా అని చూశాను. "నట్టు కింద వాషర్ మార్చేవా?" అని మాత్రం అడిగాడు. మార్చానన్నాను. తల ఊపి, మావారిని భోజనానికి తీసుకెళ్లాడు.

మూడు నెలలు ఆగి మళ్లీ ఆయిల్ మార్చాల్సి వచ్చినప్పుడు, మావారు షెడ్డు మాటెత్తలేదు, జిరాక్స్ కాగితాలు కూడా తియ్యలేదు. దిమ్మలు పెట్టి చక్రాలు ఎక్కించి, చాప పరిచి, పక్కకి జరిగి నిలబడ్డారు. నేను పాత చుడీదార్ వేసుకుని కింద దూరాను. ఆయన గరాటు పట్టుకున్నారు, పుల్ల తీసి మట్టం చదివారు. మధ్యలో ఒక్కసారి మాత్రం ఉండబట్టలేక, "వేడి మీద దింపితే ఎందుకు త్వరగా దిగుతుందో తెలుసా?" అని మొదలుపెట్టారు. కారు కింద నుంచి పారిపోవడానికి దారి లేదు కాబట్టి పాఠం మొత్తం విన్నాను. నిజానికి బాగానే చెప్పారు.

ఇదంతా ఇంటావిడ మెట్ల మీద నిలబడి చూసింది. మర్నాడు పొద్దున్న పైకొచ్చి, గుమ్మంలో కాస్త మొహమాటపడి, వాళ్లాయన స్కూటర్ వారం నుంచి స్టార్టవట్లేదని, వీలైతే ఒకసారి చూడమని అడిగింది. చూశాను. ప్లగ్గుకి మసి పట్టింది. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించాను. రెండో తన్నుకే స్టార్టయింది. వాళ్లాయన చాలా సంతోషించాడు. గబగబా మెట్లెక్కి పైకెళ్లి, పడక్కుర్చీలో పేపర్ చదువుకుంటున్న మావారి చెయ్యి పట్టుకుని, "చాలా థాంక్సండీ మేస్టారూ" అన్నాడు.